పాత జావా లైబ్రరీలను కోట్లిన్ నుంచి వాడుకోవడం: మిర్చి కమీషన్ సాఫ్ట్‌వేర్ ప్రశ్నకు సమాధానం

అడిగింది క్లుప్తంగా ఇది: విజయవాడలో చిన్న కంపెనీ. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల కోసం ఏళ్ల కిందట జావాలో రాసిన డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంకా జావా 8 మీదే నడుస్తోంది. కాటా నుంచి తూకం తీసుకోవడం, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, రైతుకు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ప్రింటు చేసివ్వడం, కోల్డ్ స్టోరేజీ నిల్వ అన్నీ అందులోనే. కొత్తగా చేరిన ఆండ్రాయిడ్ కుర్రాళ్లు కోట్లిన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోకి మారుద్దాం అంటున్నారు. జాస్పర్ రిపోర్ట్స్ (రిపోర్టులు తయారుచేసేది), అపాచీ పీఓఐ (ఎక్సెల్ ఫైళ్ల కోసం), సీరియల్ పోర్ట్ లైబ్రరీ (కాటాతో మాట్లాడేది), మావెన్ (కోడ్‌ని బిల్డ్ చేసే టూల్) ఇవన్నీ వదిలేసుకోవాలా? మొత్తం తిరగరాయాలా? ఎలాగూ మారుతున్నాం కాబట్టి పైథాన్‌కే పోతే మేలా?

ముందు మీ టెన్షన్ తీసేస్తాను. ఏదీ పోదండీ. మీ జార్ ఫైళ్లు (కంపైల్ చేసిన జావా కోడ్ మూటలు) ఉన్నవి ఉన్నట్టే పనిచేస్తాయి, మావెన్ అలాగే ఉంటుంది. ఒకే ప్రాజెక్టులో జావా ఫైళ్లు, కోట్లిన్ ఫైళ్లు పక్కపక్కనే పెట్టుకుని దీన్నుంచి దాన్ని, దాన్నుంచి దీన్ని పిలవొచ్చు. కాబట్టి వాడుకోగలమా లేదా అన్న అనుమానం అక్కర్లేదు. భయపడాల్సింది ఇంకోటుంది. కోట్లిన్ మనకు కొన్ని హామీలిస్తుంది: ఇక్కడ నల్ (విలువే లేకపోవడం) రాదు, ఈ లిస్టు మారదు, ఇలాంటివి. జావా లైబ్రరీని తాకిన చోట ఆ హామీలు చెల్లవు. కోడ్ చూస్తే మాత్రం చెల్లుతున్నట్టే కనిపిస్తుంది. రైతు పట్టీలో పైసలు తేడా వచ్చేది అక్కడే. అందుకే ఈ సమాధానంలో ఎక్కువ భాగం ఆ సరిహద్దు గురించే రాస్తున్నాను.

రెండు భాషలూ ఇలా కలిసి నడవడానికి కారణం తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. జావా కంపైలర్ మన కోడ్‌ని బైట్‌కోడ్‌గా మార్చి క్లాస్ ఫైల్‌లో పెడుతుంది. కోట్లిన్ కంపైలర్ చేసేదీ అదే. ఆ బైట్‌కోడ్‌ని నడిపించే జేవీఎంకి (జావా వర్చువల్ మెషీన్) వచ్చేది క్లాస్ ఫైల్ మాత్రమే, అది ఏ భాషలో పుట్టిందో దానికి పట్టదు. ఆటోనగర్‌లో పాత లారీ చాసిస్ మీద కొత్త బాడీ కట్టినట్టే, ఇంజను, గేర్‌బాక్స్ కదలవు. కోట్లిన్ తయారుచేసిన జెట్‌బ్రెయిన్స్ కంపెనీకి అప్పటికే ఇంటెల్లీజే అనే కోడ్ ఎడిటర్, చాలా పెద్ద జావా ప్రోడక్టు, ఉంది. 2011లో భాషను ప్రకటించి, 2016 ఫిబ్రవరిలో 1.0 విడుదల చేశారు. తమ పాత జావా కోడ్ పారేయకుండా పక్కన కొత్త భాష రాసుకోవాలన్నది వాళ్ల సొంత అవసరం. అంటే జావాతో కలిసిపోవడం తర్వాత అతికించిన సౌకర్యం కాదు, మొదటినుంచీ ఉన్న షరతు. జేవీఎం మీద అంతకుముందే గ్రూవీ, స్కాలా, క్లోజర్ ఉన్నాయి, అవీ జావా లైబ్రరీలు వాడతాయి. కానీ స్కాలా తన కలెక్షన్లు తానే రాసుకుంది కాబట్టి జావాకి వెళ్లినప్పుడల్లా మార్చి ఇవ్వాలి. కోట్లిన్ లిస్టు నడిచే టైములో నేరుగా జావా లిస్టే. మీలాగా సగం సగం కొన్నేళ్లు నడపాల్సినవాళ్లకి ఇది చాలా పెద్ద సుఖం.

పైథాన్ సంగతి రెండు ముక్కల్లో. జేవీఎం మీద నడిచే జైథాన్ పైథాన్ 2.7 దగ్గరే ఆగిపోయింది, దాన్ని మర్చిపోండి. జేపైప్ అయితే పైథాన్ ప్రాసెస్‌లోనే జేవీఎం ఎక్కిస్తుంది. పై4జే అయితే జావా ప్రాసెస్‌తో సాకెట్ మీద మాట్లాడుతుంది, పైస్పార్క్ లోపల ఉండేది అదే. రెండూ మంచివే. కానీ పట్నంబజార్‌లోని ఒక కమీషన్ కొట్టులో పాత విండోస్ పీసీ మీద పైథాన్, జావా రెండూ ఇన్‌స్టాల్ చేసి, రెండిటి వెర్షన్లూ చూసుకుంటూ కూర్చునే ఓపిక మీ సపోర్ట్ కుర్రాడికి ఉందా? జేవీఎం వదిలితే మీ రిపోర్టులు, కాటా కోడ్ అన్నీ అవతలి ఒడ్డున ఉండిపోతాయి. కోట్లిన్ వల్ల అదనంగా వెళ్లేది ప్రధానంగా ఒక స్టాండర్డ్ లైబ్రరీ జార్, రెండు ఎంబీ కూడా ఉండదు.

ఇక బిల్డ్. మావెన్‌లోనే ఉండండి. కోట్లిన్ అనగానే గ్రేడిల్‌కి (మావెన్ లాంటి ఇంకో బిల్డ్ టూల్) కూడా మారాలని మీ కుర్రాళ్లు అంటారు, ఆండ్రాయిడ్‌లో అదే చూశారు కాబట్టి. అక్కర్లేదు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది చెడిందో తెలీదు. కోట్లిన్ మావెన్ ప్లగిన్‌ని పోమ్ ఫైల్‌లో (మావెన్ సెట్టింగుల ఫైలు) చేర్చి, దాని సోర్స్ డైరెక్టరీల్లో జావా ఫోల్డర్, కోట్లిన్ ఫోల్డర్ రెండూ రాయండి. అతి ముఖ్యమైనది వరస: ముందు కోట్లిన్ కంపైలర్ నడవాలి, తర్వాత జావా కంపైలర్. కోట్లిన్ కంపైలర్ జావా సోర్సుని చదివి అర్థం చేసుకోగలదు, జావా కంపైలర్‌కి కోట్లిన్ సోర్సు చదవడం రాదు, తయారైన క్లాస్ ఫైళ్లు కావాలి. వరస తిరగబడితే "సింబల్ దొరకలేదు" అని వందల ఎర్రర్లు వస్తాయి. మావెన్ తన జావా కంపైలింగ్‌ని ఒక డిఫాల్ట్ పేరుతో ముందే పెట్టేసుకుంటుంది. ఆ డిఫాల్ట్‌ని ఆపేసి, కోట్లిన్ తర్వాత మళ్లీ పెట్టడం పాత పద్ధతి, కోట్లిన్ డాక్యుమెంటేషన్‌లో ఆ ముక్క ఉంటుంది, అలాగే కాపీ చేసుకోండి. రెండు కంపైలర్లకూ టార్గెట్ జావా వెర్షన్ ఒకటే ఇవ్వండి.

ఇదే వరస వల్ల లాంబాక్ (పదే పదే రాయాల్సిన కోడ్‌ని తానే పుట్టించే జావా లైబ్రరీ) వాడేవాళ్లకు చిక్కొస్తుంది. లాంబాక్ గెటర్లు, సెటర్లు (విలువను చదివే, మార్చే చిన్న మెథడ్లు) పుట్టించేది జావా కంపైలర్ నడిచేటప్పుడు. కోట్లిన్ అంతకంటే ముందే సోర్సు చదువుతుంది కదా, దానికి ఆ గెటర్లు కనపడవు. దీనికి కోట్లిన్ వైపు లాంబాక్ ప్లగిన్ ఉంది, మామూలు గెటర్, సెటర్, డేటా అన్నొటేషన్లకు (కోడ్ మీద పెట్టే గుర్తులు) పనిచేస్తుంది. నా మాటైతే, కోట్లిన్ తాకబోయే క్లాసుల్లో లాంబాక్ తీసేసి, ఎడిటర్ చేత గెటర్లు రాయించేయండి. విసుగు పనే కానీ ఒక్కసారితో పోతుంది. మ్యాప్‌స్ట్రక్ట్ లాంటి ఇతర కోడ్ జనరేటర్లు ఉంటే, కోట్లిన్ క్లాసుల కోసం కేఏపీటీ (కోట్లిన్‌లో అన్నొటేషన్లను చదివించే టూల్) పెట్టుకోవాలి. బిల్డ్ కాస్త నెమ్మదిస్తుంది.

అసలు విషయానికి వస్తాను. నల్.

కోట్లిన్‌లో స్ట్రింగ్ అంటే నల్ కాని స్ట్రింగ్, ప్రశ్నార్థకం పెడితేనే నల్ కావచ్చు. ఇది అందరికీ తెలుసు. కానీ జావా మెథడ్ నుంచి వచ్చిన స్ట్రింగ్ ఈ రెండిటిలో ఏదీ కాదు. ఎడిటర్‌లో మౌస్ పెడితే టైపు పక్కన ఆశ్చర్యార్థకం కనిపిస్తుంది. దాన్ని ప్లాట్‌ఫామ్ టైపు అంటారు. అంటే కంపైలర్ "ఇది నల్ అవునో కాదో నాకు తెలీదు, నీ ఇష్టం" అని చేతులు కడుక్కుందన్నమాట. అప్పుడు మీ కోడ్‌లో ఎక్కడా ప్రశ్నార్థకం ఉండదు, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, కంపైల్ అవుతుంది, నడిచేటప్పుడు పడిపోతుంది.

మీ కుర్రాళ్లకు ఇది అలవాటు లేకపోవడానికి కారణం ఉంది. ఆండ్రాయిడ్ లైబ్రరీల్లో చాలావాటికి నల్ రావచ్చో రాకూడదో చెప్పే అన్నొటేషన్లు రాసి ఉంటాయి, కోట్లిన్ వాటిని చదువుకుని హెచ్చరిస్తుంది. మీ ఆఫీసులో ఏళ్ల కిందట ఎవరో రాసి వెళ్లిపోయిన జార్‌లో అలాంటిది ఒక్కటైనా ఉంటుందని నేననుకోను. డేటాబేస్ నుంచి రైతు తండ్రి పేరు తెస్తున్నారనుకోండి. ఆ కాలమ్ పాత రికార్డుల్లో ఖాళీ. జేడీబీసీ (జావా డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) దాన్ని నల్‌గా ఇస్తుంది. దాన్ని టైపు రాయకుండా ఒక వేరియబుల్‌లో పెట్టి స్ట్రింగ్ టెంప్లేట్‌లో వాడితే ఎర్రర్ కూడా రాదు, పట్టీ మీద తండ్రి పేరు చోట "నల్" అని ప్రింటవుతుంది. సీజన్‌లో రోజుకి వందల పట్టీలు కొట్టే గుమస్తా అది గమనించడు. రైతు ఇంటికెళ్లాక ఎవరైనా చదివితే గొడవ.

దీనికి నియమం ఒకటే, మీ కుర్రాళ్లతో గోడ మీద రాయించండి: జావా నుంచి వచ్చిన విలువను తీసుకునే లైన్లో టైపు చేత్తో రాయాలి. నల్ రావచ్చనుకుంటే ప్రశ్నార్థకంతో, రాకూడదనుకుంటే లేకుండా. రాకూడదని రాసిన చోట నల్ వస్తే ప్రోగ్రాం ఆ లైన్లోనే ఆగుతుంది. టైపు రాయకపోతే ఆ నల్ పది ఫంక్షన్లు దాటి ఎక్కడో బయటపడుతుంది. పూర్ణాంకాల దగ్గర ఇంకో గమ్మత్తుంది. జేడీబీసీలో పూర్ణాంకం తెచ్చే మెథడ్ ఖాళీ కాలమ్‌కి సున్నా ఇస్తుంది, నల్ కాదు. తేమ శాతం కొలవని సరుకూ, తేమ సున్నా అని రాసిన సరుకూ మీ కోడ్‌కి ఒకటే. ఇక్కడ కోట్లిన్ ఏ సాయమూ చేయలేదు, జావాలో చేసినట్టే విడిగా అడిగి తెలుసుకోవాలి. మీ సొంత జార్ల సోర్సు మీ దగ్గరుంది కాబట్టి, తీరిక ఉన్నప్పుడు జేస్పెసిఫై అనే నల్ అన్నొటేషన్లు పెట్టుకుంటూ పోండి. కోట్లిన్ 2.1 నుంచి వాటిని ఉల్లంఘిస్తే హెచ్చరిక కాదు, నేరుగా ఎర్రరే.

వ్యతిరేక దిశలో పరిస్థితి మెరుగు. జావా కోడ్ మీ కోట్లిన్ పబ్లిక్ ఫంక్షన్‌కి నల్ పంపితే, ఫంక్షన్ గుమ్మంలోనే ఎక్సెప్షన్ వస్తుంది. ప్రైవేట్ ఫంక్షన్లకు ఆ కాపలా లేదు, అవసరమూ తక్కువే.

లిస్టుల విషయం. కోట్లిన్‌లో లిస్ట్ అంటే చదవడానికి మాత్రమే అనుకుంటాం. అది కోట్లిన్ కంపైలర్ పెట్టిన కట్టుబాటు, జావాకి దాని సంగతి తెలియదు. మీరు లాట్‌ల లిస్టు ఇస్తే జావా మెథడ్ దాన్ని అక్కడికక్కడే సార్ట్ చేసేయగలదు, మీ వరస మారిపోతుంది. ఇంకో తమాషా మ్యాప్‌ల దగ్గర. మనం ఇచ్చిన పారామీటర్ల మ్యాప్‌లోకి తన విలువలు తానే చేర్చుకునే జావా లైబ్రరీలున్నాయి, రిపోర్టులకు సంబంధించినవి ముఖ్యంగా. కోట్లిన్‌లో మ్యాప్ ఆఫ్ అని రెండు మూడు జతలతో పిలిస్తే లోపల మామూలు లింక్డ్ హ్యాష్ మ్యాప్ వస్తుంది, చేర్చడానికి వీలవుతుంది. ఒకే జతతో పిలిస్తే మార్చడానికి వీల్లేని మ్యాప్ వస్తుంది. అంటే రెండు పారామీటర్లున్న రిపోర్టు నడుస్తుంది, ఒకటే ఉన్న రిపోర్టు "ఈ పని చేయలేను" అని ఎక్సెప్షన్ ఇస్తుంది. చూసేవాళ్లకి దెయ్యం పట్టినట్టుంటుంది. జావాకి ఇచ్చేవన్నీ మ్యూటబుల్ మ్యాప్‌గా, కొత్త కాపీగా ఇవ్వండి.

ఇప్పుడు డబ్బు. మీ ప్రశ్నలో దీని ఊసే లేదు, నాకు మాత్రం ఇదే అన్నిటికంటే పెద్దది.

జావాలో మీరు బిగ్ డెసిమల్ (దశాంశాలను కచ్చితంగా లెక్కించే క్లాసు) వాడుతూ ఉంటారని ఆశిస్తాను. కోట్లిన్‌లో అదే క్లాసు, అదే జార్, కానీ కూడిక, గుణకారం, భాగహారం గుర్తులతో రాసుకోవచ్చు. కోడ్ చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి కుర్రాళ్లు వెంటనే అన్నీ గుర్తుల్లోకి మార్చేస్తారు. కూడిక, తీసివేత, గుణకారం వరకూ ఫరవాలేదు. భాగహారం గుర్తు మాత్రం జావా డివైడ్ మెథడ్‌తో సమానం కాదు. జావాలో కచ్చితమైన జవాబు దశాంశాల్లో ముగిస్తే అది పూర్తిగా వస్తుంది, ముగియకపోతే ఎక్సెప్షన్. కోట్లిన్ గుర్తు ఏం చేస్తుందంటే, భాజ్యానికి ఎన్ని దశాంశ స్థానాలున్నాయో జవాబుకీ అన్నే ఉంచుతుంది, మిగిలింది సరి అంకె వైపు రౌండ్ చేస్తుంది. చప్పుడు చేయదు.

తేజ రకం క్వింటా ధర రూ.14,250 అనుకోండి, లెక్క కోసం. కిలో ధర కోసం దాన్ని వందతో భాగించారు. జావాలో 142.5. కోట్లిన్ గుర్తుతో 142, ఎందుకంటే 14250కి దశాంశ స్థానాల్లేవు, సగం దగ్గర సరి అంకె 142. టిక్కీ 43.5 కిలోలైతే జావా లెక్క రూ.6,198.75, కోట్లిన్ లెక్క రూ.6,177. ఒక్క టిక్కీకి రైతు 21 రూపాయల 75 పైసలు పోగొట్టుకున్నాడు. వంద టిక్కీలు తెచ్చిన రైతుకి రూ.2,175. ముందు తూకంతో గుణించి తర్వాత వందతో భాగిస్తే సరిపోతుందనుకుంటారేమో, అదీ పూర్తిగా సరిపోదు: 619875.0కి ఒకటే దశాంశ స్థానం ఉంది, జవాబు 6198.8 వస్తుంది. ఐదు పైసలు తేడా. సాయంత్రం క్యాష్ పుస్తకం కలవదు, గుమస్తా మీకు ఫోన్ చేస్తాడు.

పోలిక దగ్గర కూడా ఇలాంటిదే ఉంది. కోట్లిన్‌లో రెండు సమానం గుర్తులు జావా ఈక్వల్స్‌ని పిలుస్తాయి. బిగ్ డెసిమల్‌లో 0, 0.00 అనేవి ఈక్వల్స్ ప్రకారం వేర్వేరు. పెద్దది, చిన్నది గుర్తులు మాత్రం కంపేర్ టుని పిలుస్తాయి, వాటికి రెండూ ఒకటే. రైతు బాకీ తీరిందా అని డేటాబేస్ నుంచి వచ్చిన 0.00ని బిగ్ డెసిమల్ జీరోతో సమానం గుర్తు పెట్టి చూస్తే తీరలేదనే వస్తుంది. బాకీ లేని రైతు పేరు బాకీల జాబితాలో ఎక్కుతుంది. జావాలో పెరిగినవాళ్లకి ఈక్వల్స్ వాడకూడదని తెలుసు, కోట్లిన్‌లో అది గుర్తు వెనక దాక్కుని ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్లూ దాటిపోతారు. సిగ్నమ్ (విలువ ధనమా, రుణమా, సున్నానా చెప్పే మెథడ్) చూడండి, అది సున్నా అయితే బాకీ సున్నా.

అందుకని నా సలహా: బిగ్ డెసిమల్‌ని నేరుగా ఎక్కడపడితే అక్కడ వాడనివ్వకండి. రూపాయి అని ఒక చిన్న క్లాసు రాయండి, భాగహారం, రౌండింగ్, సమానత్వం ఎలా జరగాలో ఒక్కచోట తేల్చండి. వాల్యూ క్లాస్‌గా రాద్దామని కుర్రాళ్లు అంటారు, మెమరీ ఆదా అని. వద్దు. వాల్యూ క్లాసుని పారామీటర్‌గా తీసుకునే ఫంక్షన్ల పేర్లను కంపైలర్ మార్చేస్తుంది, మీ జావా కోడ్ వాటిని మామూలుగా పిలవలేదు. ఇంకా కొన్నేళ్లు రెండు భాషలూ కలిసి నడవాలి కాబట్టి మామూలు క్లాసే మంచిది.

కాటా సంగతి. ఎలక్ట్రానిక్ కాటా నుంచి సీరియల్ కేబుల్ మీద తూకం వస్తుంది కదా. పాత ఆర్ఎక్స్‌టీఎక్స్ సీరియల్ లైబ్రరీ వాడుతుంటే ముందు దాన్ని మార్చండి, జేసీరియల్‌కామ్ లైబ్రరీ అయితే విండోస్ డీఎల్ఎల్ జార్ లోపలే ఉంటుంది, ప్రతి కొట్టుకీ వెళ్లి కాపీ చేయాల్సిన పని తప్పుతుంది. ఇక్కడ కోట్లిన్ జావాని పిలుస్తుంది, జావా జేఎన్ఐ ద్వారా సీ కోడ్‌ని పిలుస్తుంది. మూడు భాషలు ఒకే ప్రాసెస్‌లో. కోట్లిన్ వల్ల ఆ కింది రెండింటికీ ఏ తేడా ఉండదు. తేడా వచ్చేది కాల్‌బ్యాక్ (ఏదైనా జరిగినప్పుడు లైబ్రరీ పిలిచే మన కోడ్) రాసేటప్పుడు. ఒకే మెథడ్ ఉన్న జావా ఇంటర్‌ఫేస్ అయితే కోట్లిన్ ల్యాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) నేరుగా ఇవ్వొచ్చు, స్వింగ్ (జావా డెస్క్‌టాప్ స్క్రీన్ల లైబ్రరీ) బటన్ క్లిక్‌లు అలా రెండు లైన్లలో అయిపోతాయి. కానీ జేసీరియల్‌కామ్ లిజనర్‌కి రెండు మెథడ్లున్నాయి: ఏ ఈవెంట్లు కావాలో చెప్పేది ఒకటి, ఈవెంట్ వచ్చినప్పుడు నడిచేది ఒకటి. దానికి ల్యాంబ్డా పనిచేయదు, ఆబ్జెక్ట్ అని పెట్టి రెండూ రాయాలి. కోట్లిన్‌లో ల్యాంబ్డా ఎందుకు తీసుకోవట్లేదని జనం జుట్టు పీక్కునేది సాధారణంగా ఇందుకే.

ఆ లిజనర్ నడిచేది లైబ్రరీ సొంత థ్రెడ్ మీద. స్క్రీన్ మీద తూకం అంకె మార్చాల్సింది స్వింగ్ థ్రెడ్ మీద. కోరూటీన్లు (థ్రెడ్‌ని ఆపకుండా ఎదురుచూడగల కోట్లిన్ సౌకర్యం) మీకు నిజంగా లాభం ఇచ్చే చోటు ఇదే. లిజనర్‌ని కాల్‌బ్యాక్ ఫ్లోలో (వచ్చే విలువలను వరసగా అందించేది) చుట్టేస్తే, అదే అంకె పదే పదే వస్తే వదిలేయడం, అంకె నిలకడగా ఉన్నాకే తీసుకోవడం ఇవన్నీ ఒక్కో లైన్. హమాలీ టిక్కీ కాటా మీద పెట్టగానే అంకె ఊగుతుంది కదా, ఆ ఊగే అంకెల్ని జావాలో టైమర్లు పెట్టి ఆపడం కంటే ఇది చాలా శుభ్రం. చివర అవెయిట్ క్లోజ్ రాసి అందులో లిజనర్ తీసేయడం తప్పనిసరి, లేకపోతే ఫ్లో మొదలైనప్పుడే ఎక్సెప్షన్ ఇస్తుంది. స్వింగ్ థ్రెడ్‌కి మారడానికి కోరూటీన్ల స్వింగ్ మాడ్యూల్ విడిగా చేర్చుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి: సస్పెండ్ ఫంక్షన్లను (కోరూటీన్లలో మధ్యలో ఆగి మళ్లీ సాగేవి) జావా నుంచి పిలవడం నరకం, వాటికి కనపడని అదనపు పారామీటర్ ఒకటి ఉంటుంది. వాటిని కోట్లిన్ ఫైళ్ల లోపలే ఉంచి, జావాకి మామూలు ఫంక్షన్ ఒకటి బయటపెట్టండి.

జావా నుంచి కోట్లిన్‌ని పిలిచేటప్పుడు కావలసిన మిగతావి చిన్నవే. క్లాసు బయట రాసిన ఫంక్షన్లు జావాకి ఫైలు పేరు చివర కేటీ తగిలించిన క్లాసులో కనిపిస్తాయి, ఆ పేరు బాగోలేకపోతే జేవీఎం నేమ్ అన్నొటేషన్‌తో మార్చుకోండి. కంపానియన్‌లోవి స్టాటిక్‌గా కావాలంటే జేవీఎం స్టాటిక్, డిఫాల్ట్ విలువలున్న ఫంక్షన్లకు జేవీఎం ఓవర్‌లోడ్స్. కోట్లిన్‌లో చెక్డ్ ఎక్సెప్షన్లు లేవు, అందుకే జావా వైపు క్యాచ్ రాయాలంటే ఫంక్షన్ మీద త్రోస్ అన్నొటేషన్ పెట్టాలి, లేకపోతే జావా కంపైలర్ ఒప్పుకోదు. దీని రెండో వైపు కాస్త ప్రమాదకరం: జేడీబీసీ విసిరే ఎక్సెప్షన్లను పట్టుకోమని కోట్లిన్ మిమ్మల్ని బలవంతం చేయదు, కనెక్షన్ మూయమనీ చెప్పదు. యూజ్ బ్లాకు వాడటం మీరే అలవాటు చేసుకోవాలి. హైబర్నేట్ (డేటాబేస్ రికార్డులను క్లాసులుగా వాడుకోనిచ్చే లైబ్రరీ) వాడుతుంటే, కోట్లిన్ క్లాసులు ఫైనల్‌గా పుడతాయి, ఖాళీ కన్‌స్ట్రక్టర్ ఉండదు. ఆల్ ఓపెన్, జేపీఏ ప్లగిన్లు ఈ రెండూ సరిచేస్తాయి. ఎంటిటీలను డేటా క్లాసులుగా మాత్రం రాయకండి.

జాస్పర్ రిపోర్ట్స్ గురించి ప్రత్యేకంగా అడిగారు. కోట్లిన్‌లో రాసిన ప్రాపర్టీకి బైట్‌కోడ్‌లో మామూలు గెటరే ఉంటుంది కాబట్టి రిపోర్టుకి ఇచ్చే బీన్ జావాదో కోట్లిన్‌దో దానికి తెలీదు. టెంప్లేట్లు ఒక్కటీ ముట్టుకోనక్కర్లేదు. అయితే పీడీఎఫ్‌లో తెలుగు వత్తులు విడిపోయి వస్తున్నాయని, కోట్లిన్‌కి మారితే బాగవుతుందా అని కింద ఎవరో అడిగారు. అవదు. అది పీడీఎఫ్ రాసే లైబ్రరీకి భారతీయ లిపుల అక్షరాలను కలపడం రాకపోవడం వల్ల వచ్చిన సమస్య. ఏ భాష నుంచి పిలిచినా లైబ్రరీ లోపాలు దానితోపాటే వస్తాయి. జాస్పర్‌లో గ్లిఫ్ రెండరర్ సెట్టింగ్ ఉంది, తెలుగు బ్లాకుకి దాన్ని ఆన్ చేసి చూడమనండి, జావాలో ఉంటూనే.

ఏది ముందు మార్చాలి? చాలామంది టెస్టులతో మొదలెట్టమంటారు, ప్రోడక్షన్‌కి ప్రమాదం లేదని. నేనూ అదే అంటాను, కారణం వేరు. పాత జావా లెక్క, కొత్త కోట్లిన్ లెక్క రెండూ ఒకే జేవీఎంలో, ఒకే టెస్టు నుంచి పిలవొచ్చు. పోయిన సీజన్ పట్టీల డేటా మొత్తం తీసుకుని, ప్రతి పట్టీనీ రెండిటితోనూ కట్టించి పైసాతో సహా పోల్చండి. పైథాన్‌కో ఇంకోదానికో వెళ్లి ఉంటే ఈ పోలికకే ఒక ప్రాజెక్టు కావాలి, ఇక్కడ ఒక ఫైలు చాలు. పైన చెప్పిన 142 రూపాయల తప్పు ఇందులో మొదటి నిమిషంలోనే దొరుకుతుంది. టెస్టుల తర్వాత కొత్తగా అడిగిన ఫీచర్లు మాత్రమే కోట్లిన్‌లో రాయండి. నడుస్తున్న జావా క్లాసుని మార్చాల్సిన పని పడినప్పుడే దాన్ని మార్చండి. పదేళ్లుగా ఎవరూ ముట్టుకోని, సరిగ్గా నడుస్తున్న క్లాసుని అందంగా లేదని కోట్లిన్ చేయడం దండగ.

ఇంటెల్లీజేలో జావా ఫైలుని ఒక్క మీటతో కోట్లిన్ చేసే సౌకర్యం ఉంది. వాడండి, కానీ వచ్చింది అలాగే ఉంచకండి. రెండు ఆశ్చర్యార్థకాలు అక్కడక్కడా చల్లి పెడుతుంది, ప్రతిదీ "ఇక్కడ నల్ వస్తే పడిపో" అనే అర్థం. ఒక్కొక్కటీ చూసి తీసేయాలి. గిట్‌లో ముందు ఫైలు పేరు మార్చి ఒక కమిట్, లోపలి కోడ్ మార్చి ఇంకో కమిట్ చేయండి, లేకపోతే ఆ ఫైలు పాత చరిత్ర తెగిపోతుంది. ఇంటెల్లీజేలోనే దీనికి ఒక టిక్ బాక్స్ ఉంది.

మీరు ఇంకా జావా 8 మీదే ఉన్నట్టు రాశారు. కోట్లిన్ జావా 8 బైట్‌కోడ్ ఇవ్వగలదు, కాబట్టి దానికోసం వెర్షన్ పెంచాల్సిన తొందర లేదు. జావా 17కో 21కో వెళ్లడం మంచిదే, కానీ విడిగా, ముందో వెనకో చేయండి. జావా 11లో జాక్స్‌బీ (ఎక్స్‌ఎంఎల్ లైబ్రరీ) లాంటివి జేడీకే నుంచి తీసేశారు, వాటిని డిపెండెన్సీలుగా చేర్చుకోవాలి. ఆ గొడవనీ కోట్లిన్ గొడవనీ ఒకే వారంలో పెట్టుకోకండి.

కొట్లలో ఎప్పుడు ఇన్‌స్టాల్ చేయాలన్నది మీరు నాకంటే బాగా ఎరుగుదురు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తే రోజుల్లో ఏ కమీషన్ వ్యాపారీ మిమ్మల్ని పీసీ ముట్టుకోనివ్వడు. మే నెల వేసవి సెలవుల్లో యార్డు మూసినప్పుడు పెట్టండి, పాత జార్‌ని పక్క ఫోల్డర్‌లో అలాగే ఉంచండి. డేటాబేస్ టేబుళ్లు మార్చకపోతే వెనక్కి వెళ్లడం ఒక షార్ట్‌కట్ మార్చినంత పని.

మీ పోమ్ ఫైల్‌లో డిపెండెన్సీల భాగం కింద పెట్టండి, క్లయింట్ పేర్లు, పాస్‌వర్డ్‌లు తీసేసి. లాంబాక్ ఎంత పాకిందో, సీరియల్ లైబ్రరీ ఏదో చూస్తే మొదట ఏ ప్యాకేజీ కదపాలో చెప్పగలను.